నేలలో పరిచే తీగ: హామ్ యాంటెనా రేడియల్స్‌కు ఏది నిలుస్తుంది?

నిలువు యాంటెనాలో కంటికి కనిపించేది సగమే. 40 మీటర్ల బ్యాండు కోసం పది మీటర్ల గొట్టం నిలబెడితే, దాని రెండో సగం నేలలో ఉంటుంది. ఫీడర్ కేబుల్ నడిమి తీగ గొట్టానికి కలుస్తుంది, పైనుండే అల్లిక నేలవైపు కలుస్తుంది. గొట్టంలోకి ఎంత కరెంటు పోతుందో అంతా నేలవైపు నుంచి తిరిగి రావాలి. ఆ కరెంటు మట్టిలోంచే నడిచి రావలసి వస్తే దారిలోనే వేడిగా మారిపోతుంది. అలా కాకుండా, గొట్టం మొదలు నుంచి అన్ని దిక్కులకూ బండిచక్రం ఆకుల్లా పరిచే తీగలే గ్రౌండ్ రేడియల్స్.

పావు తరంగం పొడవున్న నిలువు యాంటెనా ప్రసరణ నిరోధం దాదాపు 36 ఓమ్‌లు. నేలలోని నష్టం కూడా 36 ఓమ్‌లే అనుకుంటే, వంద వాట్లు పంపినప్పుడు యాభై వాట్లు మట్టిని వెచ్చబెట్టడానికే పోతాయి. తీగలు చాలినన్ని వేసి ఆ నష్టాన్ని 4 ఓమ్‌లకు దింపితే తొంభై వాట్లు గాలిలోకి వెళతాయి. మరి ఈ తీగలు ఏ లోహానివి కావాలి, ఎంత లావు ఉండాలి, పైన తొడుగు కావాలా వద్దా అన్న ప్రశ్నలకు జవాబు చాలామంది విద్యుత్ వాహకత పట్టికల్లో వెతుకుతారు. ఆ పట్టికలు ఇక్కడ చెప్పేది కొంతే. మిగతాది నేల చెబుతుంది, అతుకులు చెబుతాయి.

ఈ విషయంలో తొలి గట్టి కొలతలు 1937 నాటివి. ఆ ఏడాది జూన్‌లో జార్జ్ బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ అనే ముగ్గురు ఇంజనీర్లు అమెరికా రేడియో ఇంజనీర్ల సంస్థ పత్రికలో తమ ప్రయోగాల ఫలితాలు అచ్చువేయించారు. 3 మెగాహెర్ట్జ్ దగ్గర 2, 15, 30, 60, 113 తీగలతో, 45 అడుగుల నుంచి 135 అడుగుల దాకా పొడవులు మార్చి మార్చి కొలిచారు. తీగలు పెరిగేకొద్దీ నష్టం తగ్గింది. 113 తీగలకు చేరేసరికి ఇక మిగిలింది చాలా తక్కువ. మీడియం వేవ్ స్టేషన్లకు అమెరికా ప్రభుత్వం రాసుకున్న నియమాల్లో నేటికీ ఆ జాడ ఉంది: తీగలు 90కి తగ్గకూడదు, మూడేసి డిగ్రీల ఎడంతో 120 ఉంటే శ్రేష్ఠం. 738 కిలోహెర్ట్జ్ మీద వినిపించే హైదరాబాద్ ఆకాశవాణి లాంటి స్టేషన్‌కు పావు తరంగమంటే వంద మీటర్లు. ఆ లెక్కన 120 తీగలు వేస్తే పన్నెండు కిలోమీటర్ల రాగి భూమిలోకి పోతుంది.

అభిరుచిగా రేడియో నడిపే హామ్‌కు అంత అవసరం లేదు. 2008, 2009 ప్రాంతాల్లో రూడీ సెవర్న్స్ అనే అమెరికన్ హామ్ ఓపిగ్గా చేసిన కొలతలు ఈ సంగతిని స్థిరపరిచాయి. నాలుగు తీగల నుంచి పదహారుకు పోతే స్పష్టమైన లాభం ఉంది. పదహారు నుంచి ముప్ఫైరెండుకు పోతే కొంత ఉంది. ఆపైన ఖర్చు పెరిగినంతగా ఫలితం పెరగదు. తక్కువ తీగలున్నప్పుడు అవి మరీ పొడవుంటే నష్టం పెరగడం కూడా ఆయన చూశాడు. చేతిలో కొంత తీగే ఉంటే దాన్ని నాలుగు పొడవాటి ముక్కలు చేసేకన్నా పదహారు పొట్టి ముక్కలు చేయడం మేలు. తీగ ఎంపికకు దీనితో నేరుగా సంబంధం ఉంది. లెక్క ఎక్కువైతే ఒక్కో తీగ మీద పడే భారం తగ్గిపోతుంది కాబట్టి.

ఆ భారం ఎంతో చూడాలి. వంద వాట్లు 36 ఓమ్‌ల యాంటెనాకు ఇస్తే గొట్టం మొదలు దగ్గర కరెంటు 1.7 ఆంపియర్లు. దాన్ని పదహారు తీగలు పంచుకుంటే ఒక్కోదానికి పదో వంతు ఆంపియర్ వస్తుంది. దోమలబత్తి లావు తీగ అక్కర్లేదు, కుట్టుదారమంత రాగి అయినా ఆ కరెంటును శ్రమ లేకుండా మోస్తుంది. పైగా రేడియో కరెంటు లోహం లోతుల్లోకి దిగదు, పైపొర మీదే నడుస్తుంది. రాగిలో 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పొర 25 మైక్రాన్లు, 28 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 12. మనిషి తలవెంట్రుక లావులో సగం కూడా కాదు.

పైపొర మీద నడిచే కరెంటుకు లోహాల మధ్య తేడా కూడా అనుకున్నంత ఉండదు. అయస్కాంతానికి అంటుకోని లోహాల్లో వాహకత నాలుగోవంతుకు పడిపోతే రేడియో నిరోధం రెట్టింపే అవుతుంది, నాలుగింతలు కాదు. వాహకత తగ్గినకొద్దీ కరెంటు నడిచే పొర మందమవుతుంది, అదే ఈ ఊరటకు కారణం. రాగిని ఒకటి అనుకుంటే అల్యూమినియం 1.3, జింకు 1.9, మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు ఆరున్నర. ఇనుము సంగతి వేరు. అయస్కాంత గుణం వల్ల అందులో కరెంటు పొర మరీ పలచనై, నిరోధం రాగికి పది, ఇరవై రెట్లు పెరుగుతుంది. పది మీటర్ల, రెండు మిల్లీమీటర్ల రాగి తీగ 7 మెగాహెర్ట్జ్ దగ్గర అర ఓమ్ నష్టం చూపితే, అదే కొలత వట్టి ఇనుము పది ఓమ్‌లు చూపుతుంది. అలాంటివి నాలుగే వేస్తే కలిపి రెండున్నర ఓమ్‌లు. ముప్ఫైరెండు వేస్తే 0.3 ఓమ్. 36 ఓమ్‌ల పక్కన అది లెక్కలోకి రాదు. అంటే తీగలు చాలినన్ని ఉన్నప్పుడు ఇనుప తీగ కూడా పనిచేస్తుంది, అది ఉన్నంతకాలం. ఎన్నాళ్లు ఉంటుందన్నదే అసలు ప్రశ్న.

మట్టిలో లోహాలు ఎలా క్షీణిస్తాయో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ 1922 నుంచి దశాబ్దాల పాటు పరీక్షించింది. రకరకాల నేలల్లో వేల నమూనాలు పాతిపెట్టి, ఏళ్ల తర్వాత తవ్వి తీసి తూచింది. ఆ ఫలితాలన్నిటినీ మెల్విన్ రొమనాఫ్ 1957లో ఒక సంపుటంగా తెచ్చాడు. అందులో తేలిన పెద్ద సంగతి, ఒకే నేలలో రకరకాల ఇనుములు, ఉక్కులు ఇంచుమించు ఒకే వేగంతో తుప్పు పడతాయి. నేల మారితే మాత్రం ఆ వేగం ఎన్నో రెట్లు మారుతుంది. లోహానికి ఎంత విలువ ఇస్తామో నేలకు అంతకన్నా ఎక్కువ ఇవ్వాలన్నమాట. రాగి చాలా నేలల్లో చెక్కుచెదరలేదు. గంధకం వాసన కొట్టే బురద నేలల్లో, కాల్చిన బొగ్గు కసువు పోసిన చోట్ల మాత్రం అదీ దెబ్బతింది.

తెలుగునాట ఈ తేడా ఒకే జిల్లాలో కూడా కనిపిస్తుంది. ఎర్ర చెలకల్లో నీరు నిలవదు, లవణాలు తక్కువ. అక్కడ రాగీ, జింకు పూత తీగా రెండూ ఎక్కువకాలం ఉంటాయి. నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది, కాస్త క్షారగుణం కలది. ఆ మేరకు జింకుకు పెద్ద ఇబ్బంది లేదు. కానీ రేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చి, తొలకరికి మళ్లీ ఉబ్బి మూసుకుంటుంది. లోతుగా పాతిన సన్నని తీగను ఆ కదలిక అటూ ఇటూ లాగుతుంది. చౌడు నేలలో క్షారగుణం మరీ ఎక్కువ, పీహెచ్ 8.5 దాటుతుంది. సరిగ్గా ఆ హద్దు దగ్గరే అల్యూమినియం మీది రక్షణ పొర కరగడం మొదలవుతుంది. ఇక సముద్రతీరపు ఉప్పు నేలలు ఏ లోహాన్నీ సులభంగా వదలవు.

ఇక్కడ ఒక చిక్కుంది. యాంటెనాకు మంచి గ్రౌండ్ ఇచ్చే నేలే తీగను త్వరగా తినేస్తుంది. తేమ, లవణాలు నేలకు వాహకతనిస్తాయి, తుప్పుకు కావలసినవీ అవే. రాతి నేల వాహకత మీటరుకు ఒక మిల్లీసీమెన్ అయితే, మామూలు సాగునేలది అయిదు, సముద్రపు నీటిది అయిదు వేలు. దక్కను పీఠభూమి మీద గ్రానైటు బండల మధ్య ఉండే హామ్‌కు తీగలు ఎక్కువ కావాలి, కానీ ఒకసారి వేస్తే చాలాకాలం ఉంటాయి. కోస్తాలో ఉప్పునీటి అంచున ఉండేవాడికి కొద్ది తీగలు చాలు, కానీ వాటిని కొన్నేళ్లకోసారి మార్చే సామాను కిందే లెక్కవేసుకోవాలి. ఖరీదైన తీగ కొనాల్సింది ఎవరో, చవక తీగ కొనాల్సింది ఎవరో ఈ తేడాను బట్టే తేలుతుంది.

ముందుగా రాగి. రేడియల్స్‌కు అన్నివిధాలా అనుకూలమైన లోహం ఇదే అనడంలో సందేహం అక్కర్లేదు. నేలలో మొదట ముదురు గోధుమరంగు పొర పడుతుంది, ఆ తర్వాత చిలుము. ఆ చిలుమే తీగకు కవచం. తీగ నల్లబడిందనో పచ్చబడిందనో తీసి గీకి మెరిపించడం దాని ఆయుష్షును తగ్గించడమే. రాగికి అసలు శత్రువు అమ్మోనియా. పశువుల కొట్టం పక్కన, పెంటకుప్ప కింద, కోళ్ల ఫారం వెనక ఉండే మట్టిలో రాగి మీది పొర నిలవదు, నీలిరంగు ద్రవంగా కరిగిపోతూ ఉంటుంది. పల్లెల్లో పెరడు అంటే చాలాసార్లు ఈ జాగానే. అలాంటి చోట తొడుగున్న తీగ తప్ప వట్టి రాగి వేయకూడదు. మురుగు నిలిచి కుళ్లిన గుడ్ల వాసన వచ్చే చోటుకూ ఇదే మాట.

ఎంత లావు? కరెంటు లెక్క ప్రకారం సన్ననిది చాలని తేలింది. మరి లావు ఎందుకంటే తినిపోవడానికి కాస్త మిగులు ఉండాలి, పార తగిలినా కాలు పడినా తెగకూడదు. 22 గేజి తీగ వ్యాసం 0.71 మిల్లీమీటర్లు. పది మీటర్లవి ముప్ఫైరెండు తీగలకు కావలసింది కిలోకు కాస్త పైన. 16 గేజి అంటే 1.63 మిల్లీమీటర్లు, దానికి ఆరు కిలోలు కావాలి. మంచి నేలలో వట్టి రాగికి ఈ రెంటి మధ్య 18 గేజి సరైన కొలత. దానికన్నా లావుకు డబ్బు పెట్టే బదులు ఆ డబ్బుతో తీగల సంఖ్య పెంచడం తెలివైన పని.

తీగ ఒంటిపోగుదా, పలుపోగులదా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. పలుపోగుల తీగలో పోగుకూ పోగుకూ మధ్య సందుల్లోకి తేమ వత్తిలోకి నూనె పాకినట్టు పాకుతుంది. తీగ చివర తొడుగు తీసిన చోట చేరిన నీరు జానెడు లోపల దాకా పోయి పోగులను నల్లగా చేస్తుంది. నేలలోకి ఒంటిపోగే మేలు. గాలిలో ఊగే చోట మాత్రం ఒంటిపోగు రాగి వంగి వంగి పెళుసెక్కి విరుగుతుంది, అక్కడ పలుపోగులది కావాలి.

తొడుగున్న తీగ రేడియల్‌గా పనిచేయదన్న అపోహ ఇంకా ఉంది. అది తప్పు. తీగకూ మట్టికీ మధ్య రేడియో కరెంటు కెపాసిటర్‌లో దాటినట్టు దాటుతుంది, లోహం మట్టిని తాకనక్కర్లేదు. వట్టి తీగ, తొడుగు తీగ పక్కపక్కన వేసి కొలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాదు. తొడుగు చేసే మేలు ఆయుష్షులో ఉంది. ఇళ్లలో వాడే పీవీసీ వైరు 90 మీటర్ల కాయిల్‌గా దొరుకుతుంది. ఒక చదరపు మిల్లీమీటరు కాయిల్ ఒకటి కొంటే పది మీటర్లవి తొమ్మిది రేడియల్స్ వస్తాయి. నాలుగు కాయిల్స్ కొంటే ముప్ఫైఆరు. అది పలుపోగులదే కాబట్టి కొసలు మూయడం మరువకూడదు. బయటి కొసను వేడికి ముడుచుకునే గొట్టంతోనో, కరిగించిన పీవీసీతోనో మూస్తే లోపలి రాగికి నీరు తగలదు. నేలలో ఎండ లేదు కనుక పీవీసీ ఏళ్ల తరబడి ఉంటుంది.

తెలుగు జిల్లాల్లో తేలిగ్గా దొరికే మరో తీగ ఉంది, దాని గురించి హామ్‌లు తగినంతగా ఆలోచించరు. బోరుబావి మోటార్లను చుట్టే సబ్‌మెర్సిబుల్ వైండింగ్ వైరు అది. ఆ మోటార్ల లోపల నీరు నిండి ఉంటుంది. తీగ చుట్టలు ఆ నీటిలోనే పనిచేయాలి కాబట్టి ఒంటిపోగు రాగి మీద ప్లాస్టిక్ పొరలు గట్టిగా చుట్టి తయారుచేస్తారు. ఒంటిపోగు, స్వచ్ఛమైన రాగి, నీటికి ఓర్చే తొడుగు, ఈ మూడూ రేడియల్‌కు కావలసినవే. మోటారు రీవైండింగ్ షాపు లేని మండల కేంద్రం అరుదు, తూకానికి ఇస్తారు. గరుకు రాళ్ల మీద ఈడిస్తే ఆ పొర లేస్తుంది, ఆ ఒక్కటీ చూసుకోవాలి. ఎండిపోయిన బోరులోంచి బయటికి తీసిన మూడు తీగల చప్పటి కేబుల్‌ను నిలువునా చీల్చినా మంచి రేడియల్స్ వస్తాయి. మామూలు మోటార్లకు వాడే ఎనామెల్ తీగ కూడా పనికొస్తుంది. వార్నిష్ పూతలో సూదిమొన రంధ్రాలు ఉంటాయి గనుక దాన్ని వట్టి రాగి కిందే లెక్కపెట్టాలి.

రాగి పేరుతో అమ్మే రాగి పూత అల్యూమినియం తీగ విషయంలో జాగ్రత్త అవసరం. రేడియో కరెంటుకు పైపొర చాలు కాబట్టి మీటరు మీద అది రాగిలాగే కనిపిస్తుంది. నేలలోకి వెళితే కథ మారుతుంది. కోసిన కొస దగ్గరో, గీత పడిన చోటో తేమ తగలగానే రాగి పక్కన ఉన్న అల్యూమినియం దానికి బలి అవుతుంది. లోపలంతా తెల్లటి పొడిగా మారి, పైన రాగి పొర గుల్లలా మిగులుతుంది. కొనేటప్పుడే బ్లేడుతో తీగను గీకి చూడాలి. లోపల వెండి రంగు కనబడితే వదిలేయాలి. చేతిలో పట్టుకుంటేనే తేలిక తెలుస్తుంది. వట్టి అల్యూమినియం తీగ కూడా నేలలో పనికిరాదు, చౌడులో మరీను. ఒకటి రెండు వర్షాకాలాలకే ముక్కలైపోవచ్చు.

జీఐ తీగ అంటే జింకు పూత ఇనుము. ధరలో రాగికీ దీనికీ పోలికే లేదు, పొలాల్లో కంచెలకు వాడేది కాబట్టి ఎక్కడైనా దొరుకుతుంది. ఇందులో చూడాల్సింది పూత మందం. కరిగిన జింకులో ముంచి తీసిన మంచి తీగ మీద పూత నలభై మైక్రాన్ల దాకా ఉంటుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర జింకులో కరెంటు నడిచే పొర 46 మైక్రాన్లు. అంటే చాలావరకు కరెంటు జింకులోనే నడుస్తుంది, ఇనుము మీద పెద్దగా పడదు. పూత ఉన్నంతకాలం ఈ తీగ రాగికి రెండింతల నిరోధంతో చక్కగా పనిచేస్తుంది. విద్యుత్ పూతతో మెరిసే చవక తీగ మీద జింకు అయిదు, పది మైక్రాన్లకు మించదు. అక్కడ మొదటిరోజు నుంచే కరెంటు ఇనుములోకి దిగుతుంది, పూత పోవడానికీ ఎక్కువ కాలం పట్టదు. పూత పోయినాక మిగిలేది తుప్పు. తుప్పు కరెంటును మోయదు, ఉన్న ఇనుమును సన్నబరుస్తుంది.

చెలక నేలలో, తక్కువ ఖర్చుతో, ముప్ఫై నలభై తీగలు వేద్దామనుకునేవారికి మంచి పూత ఉన్న జీఐ తీగ గౌరవించదగిన ఎంపికే. రెండు మిల్లీమీటర్లది 320 మీటర్లు కలిపి ఎనిమిది కిలోలు తూగుతుంది. ఇళ్లు కట్టేచోట ఇనుప కడ్డీలు కట్టే నల్లటి బైండింగ్ వైరుతో మాత్రం పొరపాటున కూడా పని చేయకూడదు. దాని మీద ఏ పూతా ఉండదు. ఒక్క వానాకాలం గడిచాక చేత్తో లాగితే ఎర్రటి ముక్కలై వస్తుంది.

రాగి పూత ఉక్కు తీగ రాగికీ, జీఐకీ మధ్యది. మంచి రకంలో రెండు మిల్లీమీటర్ల తీగ మీద రాగి వంద మైక్రాన్లకు పైగా ఉంటుంది, కరెంటుకు అది రాగి తీగే. లాగినా సాగదు, కాబట్టి గాలిలో కట్టే రేడియల్స్‌కు ఇది చాలా మంచిది. నేలలో దీని బలహీనత కోసిన కొసే. అక్కడ బయటపడిన ఉక్కు చుట్టూ ఉన్న రాగికి బలై లోపలికి తినుకుంటూ పోతుంది. స్ప్రింగులా చుట్టుకుపోయే గుణం వల్ల నేల మీద అణిగి ఉండదు కూడా. స్టెయిన్‌లెస్ స్టీలు తీగను సముద్రతీరంలో వాడేవారున్నారు. రాగికి ఆరున్నర రెట్లు నిరోధమున్నా తీగలు ముప్ఫై దాటితే అది అడ్డు కాదు. ఉప్పు నేలలో 304 రకానికి సూది గుంతలు పడతాయి, 316 దానికన్నా ఓర్చుకుంటుంది. ఇతర చోట్ల దానికి పెట్టే ఖర్చుకు అర్థం లేదు.

తీగ ఎంత మంచిదైనా వ్యవస్థ ముందుగా తెగేది అతుకు దగ్గరే. నేలలో పాతిన తగరపు టంకం నమ్మదగింది కాదు. తగరం, సీసం రెండూ తడిలో రాగికి బలి అవుతాయి. పైకి చూస్తే అతుకు ఉన్నట్టే ఉంటుంది, తీగ లాగితే బూడిదరంగు పొడి రాలుతుంది. భూమిలో అతుకు తప్పనిసరైతే వెండి కలిపిన బ్రేజింగు చేయించాలి. ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసేవారు రాగి గొట్టాలకు రోజూ చేసే పని అది. అంతకన్నా మంచి మార్గం, నేలలో అతుకు అసలే లేకుండా చూడటం. ప్రతి రేడియల్‌నూ ఒకే ముక్కగా తెచ్చి, నేలకు జానెడు ఎత్తులో ఒక రాగి పలకకో గొట్టపు వలయానికో బిగించాలి. తీగ కొసకు తగరం పూత ఉన్న రాగి లగ్గు వేసి, గట్టిగా నొక్కి, స్టెయిన్‌లెస్ బోల్టుతో, స్ప్రింగు వాషరుతో బిగించి పైన గ్రీజు రాస్తే ఏళ్ల తర్వాత కూడా స్పానరుతో విప్పి చూడవచ్చు.

రాగిని జింకు పూత ఉన్న టవరు కాలికి నేరుగా బిగించకూడదు, మధ్యలో స్టెయిన్‌లెస్ వాషరు ఉండాలి. రాగి పలక మీద పడిన వాన నీరు కిందనున్న జీఐ కాలి మీదికో అల్యూమినియం గొట్టం మీదికో కారకుండా చూసుకోవాలి. ఆ నీటిలో కరిగిన కొద్దిపాటి రాగే చాలు, గుంతలు పడటానికి. నేలలో చాలా రాగి ఉండి దానికి టవరు గై తీగల ఇనుప లంగరు కలిసి ఉంటే, కంటికి కనబడని ఆ లంగరు కరిగిపోతూ ఉంటుంది. పడేది యాంటెనా కాదు, టవరే.

ఇంటి ఎర్తింగ్ గుంత కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేసి గొట్టం దింపే పాత పద్ధతి ఇప్పటికీ ఊళ్లలో నడుస్తోంది. ఎర్తు నిరోధం తగ్గించడానికి అది పనికొచ్చినా, రేడియల్ తీగ ఆ గుంత గుండా పోతే లోహానికి అంతకన్నా కఠినమైన చోటు లేదు. ఉప్పు నీరు ఒకవైపు, బొగ్గు ఒకవైపు తీగను తింటాయి. గుంతకు రెండు మీటర్ల ఎడంగా తీగలు మళ్లించడం మంచిది. రెంటినీ కలపాల్సిన చోట, అంటే పిడుగుల రక్షణ కోసం, లావైన పట్టీతో నేల పైనే కలపాలి. తొడుగున్న రేడియల్స్ పిడుగు కరెంటును మట్టిలోకి దించలేవు. వాటితో పాటు ఎర్తు కడ్డీలు విడిగా తప్పనిసరి.

లోతు విషయంలో అతి పనికిరాదు. మామూలు నేలలో 3.5 మెగాహెర్ట్జ్ రేడియో కరెంటు మూడు నాలుగు మీటర్ల లోతు వరకూ వ్యాపిస్తుంది. అందులో రెండు అంగుళాలు పైకీ కిందికీ పెద్ద తేడా కాదు. పారతో గడ్డిలో చీలిక చేసి తీగ దించి కాలితో అదిమితే చాలు. పచ్చిక ఉన్నచోట తీగను నేల మీదే పరిచి, జీఐ తీగను యు ఆకారంలో వంచి మీటరుకొకటి గుచ్చితే ఒక వానాకాలంలో గడ్డే దాన్ని కప్పేస్తుంది. దున్నే నేలలో రేడియల్స్ వేయడం మాత్రం వృథా. నాగలికి తప్పించుకున్నా రోటవేటర్‌కు దొరుకుతాయి. పందికొక్కులు, ఎలుకలు పీవీసీని కొరుకుతాయి, తీగ తెగకపోయినా తొడుగు పోతుంది. జనసంచారం ఉన్న ఖాళీ స్థలంలో వట్టి రాగి కనబడితే దొంగలకు ఆశ పుడుతుంది. అలాంటి చోట జీఐ తీగకు ఉన్న పెద్ద అర్హత, దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు.

నగరాల్లో చాలామందికి నేలే ఉండదు, డాబా ఉంటుంది. అక్కడ గాలిలో ఎత్తుగా కట్టిన రేడియల్స్ నాలుగు చాలు. కానీ వాటిని బ్యాండుకు సరిపోయే పొడవుకు కచ్చితంగా కోయాలి. మట్టిలో పొడవు అటూ ఇటూ అయినా చెల్లుతుంది, గాలిలో చెల్లదు. నాలుగే ఉన్నాయి కనుక ఒక్కోదాని మీద కరెంటు ఎక్కువ, చివర వోల్టేజీ ఎక్కువ, మనుషులకు అందని ఎత్తులో ఉండాలి. ఇక్కడ ఇనుప తీగకు చోటు లేదు. రాగి లేదా రాగి పూత ఉక్కు కావాలి. ఎండ దెబ్బకు రంగుల పీవీసీ కొన్ని వేసవులకే పగులుతుంది. నల్లటి పాలిథీన్ తొడుగు అంతకన్నా చాలాకాలం నిలుస్తుంది. ప్రదర్శనలకు, యాత్రలకు రెండు రోజుల కోసం పరిచే రేడియల్స్‌కు మన్నిక లెక్కే లేదు, సన్నని పలుపోగుల వైరు చుట్టలు చాలు.

నేలలోని తీగలు చెడిపోతే తెలిసేదెలా? రేడియో ఏ హెచ్చరికా ఇవ్వదు. పైగా తప్పుదారి పట్టిస్తుంది. మంచి రేడియల్స్‌తో యాంటెనా నిరోధం 40 ఓమ్‌ల లోపు ఉంటుంది కాబట్టి 50 ఓమ్‌ల కేబుల్ మీద ఎస్‌డబ్ల్యూఆర్ (కేబుల్‌కూ యాంటెనాకూ పొంతన చెప్పే అంకె, ఒకటైతే పూర్తి పొంతన) 1.3, 1.4 దగ్గర చూపుతుంది. కొన్నేళ్లకు అది 1.2కు, ఆ తర్వాత సరిగ్గా ఒకటికి వచ్చిందనుకుందాం. యాంటెనా మెరుగైందని ఆపరేటరు సంతోషిస్తాడు. నిజానికి నేల నష్టం 14 ఓమ్‌లు చేరి మొత్తం 50 అయింది. పంపే ప్రతి వంద వాట్లలో ఇరవై ఎనిమిది మట్టికి పోతున్నాయి. అందుకే రేడియల్స్ వేసిన రోజే యాంటెనా మొదలు దగ్గర నిరోధం ఎంతో ఎనలైజరుతో కొలిచి, తేదీ వేసి రాసిపెట్టుకోవాలి. నేల తడికి ఆ అంకె మారుతుంది గనుక ఏటా ఒకే కాలంలో, సంక్రాంతి ప్రాంతంలోనో మండువేసవిలోనో, మళ్లీ కొలవాలి. అయిదారు ఓమ్‌లు పెరిగి కనబడితే ముందు పలక దగ్గరి బోల్టులన్నీ విప్పి శుభ్రం చేసి బిగించి చూడాలి. అంకె దిగకపోతే ఒక తీగను మొదటి మీటరు దాకా తవ్వి, మెల్లగా వంచి చూడాలి. రాగి అయితే చిలుము కింద ఎర్రగా ఉండాలి, మెత్తగా వంగాలి. జీఐ అయితే బూడిదరంగు పొర ఇంకా ఉండాలి. ఎర్రతుప్పు కనిపించిన తీగ పక్కనే కొత్త తీగ పరిచి, పాతదాన్ని పలక నుంచి విప్పేయాలి.